సంధిస్థానముల శాస్త్రము: భారత విద్యుత్ గ్రిడ్డు

అనంతపురం జిల్లాలో ఒక రైతు చేనిగట్టు మీది స్టార్టరు మీట నొక్కి తన అయిదు హార్సుపవరు మోటారును నడిపించినపుడు, దానికి కావలసిన దాదాపు 3.7 కిలోవాట్ల విద్యుత్తు ఎచటినుండి వచ్చినదని అడిగినచో, దగ్గరి సబ్‌స్టేషను నుండి యనియో, శ్రీశైలము నుండి యనియో చెప్పుట మనకు అలవాటు. శాస్త్రదృష్టితో విచారించినచో ఈ సమాధానములలో నేదియు సంపూర్ణ సత్యము కాదు. మీట నొక్కిన ఆ క్షణమున, హిమాలయ సానువులయందలి జలవిద్యుత్ కేంద్రములు మొదలుకొని దక్షిణ సముద్రతీరమునందలి థర్మల్ కేంద్రముల వరకు, ఒకే గ్రిడ్డునకు తగుల్కొని తిరుగుచున్న ప్రతి జనరేటరును, ఏ పరికరమును కొలువజాలనంత స్వల్పముగ, తన వేగమును కోల్పోవును. ఆ విధముగ చక్రములు విడిచిన చలనశక్తియే రైతు మోటారునకు తొలి ఆహారమగును. చేనిలో నీరు పారుటకు దేశమందలి యంత్రములన్నియు తమ తమ వంతు నిచ్చినవి.

రైతు మోటారు చిన్నది గావున ఈ సంగతి మన యెరుకకు రాదు. తెలంగాణమున కాళేశ్వరము ఎత్తిపోతల పథకమునందు లక్ష్మీపురము వద్ద భూగర్భమున నిలిపిన పంపు మోటారులు ఒక్కొక్కటి 139 మెగావాట్లవి. అట్టిది ఒకటి తిరుగ నారంభించినచో నిర్వాహకులు దానికై ముందుగనే లెక్క వేసికొనవలసి యుండును. చిన్నదైనను పెద్దదైనను నియమ మొక్కటియే: ఈ వ్యవస్థలో ఒక మూల జరిగిన మార్పు మిగిలిన మూలలన్నింటికిని తెలియును.

మహానిర్మాణము లనినంతనే మనకు ఆనకట్టలును, వంతెనలును, రాకెట్లును స్ఫురించును. వానికి ఒక పటము కలదు, పని మొదలిడిన దినమును పూర్తియైన దినమును కలవు, అది నా కృతియని చెప్పుకొనదగిన ప్రధాన శిల్పి కలడు. గ్రిడ్డునకు ఇవి యేవియు లేవు. దానిని ఏ యొక్కరును సంపూర్ణముగ ఊహించి గీయలేదు. అది ఏనాడును పూర్తి కాలేదు. నడచుచుండగనే దానిని పెంచవలెను, నడచుచుండగనే మరమ్మతు చేయవలెను. దానియందలి జనరేటర్లు కొన్ని కేంద్రప్రభుత్వ సంస్థలవి, కొన్ని రాష్ట్రములవి, కొన్ని ప్రైవేటు కంపెనీలవి; తీగలు వేరొకరివి; వాడుకొనువారు నూట నలువది కోట్లమంది. ఇట్టి బహునాయకమైన వ్యవస్థ ఒకే యంత్రమువలె ఎట్లు ప్రవర్తించుచున్నది? ఎప్పుడు, ఏ కారణమున కుప్పకూలును? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము ఒకే చోట నున్నదని నా విశ్వాసము. భాగములెంత శ్రేష్ఠములైనను అంతమాత్రమున సమష్టి శ్రేష్ఠము కానేరదు. మహావ్యవస్థల క్షేమము ఆ భాగములు ఒకదానితో నొకటి కలిసికొను సంధిస్థానములయందు నిర్ణయమగును.

విద్యుత్తు విషయమున ప్రకృతి విధించిన శాసన మొకటి కలదు: ఏ క్షణమున ఎంత వ్యయమగుచున్నదో ఆ క్షణమున అంతయే ఉత్పత్తి కావలెను. తీగలయందు విద్యుత్తు నిలువ యుండదు. వ్యయము ఉత్పత్తిని మించినచో, ఆ లోటును పూడ్చుటకై తిరుగుచున్న చక్రములలోని చలనశక్తి కరగును. చక్రముల వేగము తగ్గగా, ఏకాంతర విద్యుత్ప్రవాహము సెకండునకు పూర్తిచేయు ఆవర్తనముల సంఖ్య, అనగా ఫ్రీక్వెన్సీ, తగ్గును. ఉత్పత్తి వ్యయమును మించినచో ఆ సంఖ్య పెరుగును. మన దేశమున ఈ సంఖ్య 50 హెర్ట్జులుగా నిర్ణయింపబడినది. రెండు ధ్రువములు గల ఆవిరి టర్బైను జనరేటరు నిమిషమునకు 3,000 మారులు తిరిగినను, నలువది ధ్రువములు గల జలవిద్యుత్ జనరేటరు 150 మారులే తిరిగినను, ఆ రెంటినుండియు వెలువడు విద్యుత్తు సెకండునకు ఏబది ఆవర్తనములనే చేయును. కోలాటమున ఎవరి అడుగు వారిదై, ఎవరి వలయము వారిదై యున్నను, కోలలు తగులు వేళ మాత్రము అందరికిని ఒక్కటియే యైనట్లు, ఈ యంత్రములకు పరిమాణము వేరు, వేగము వేరు, చోదకశక్తి వేరు, లయ మాత్రము ఏకము. ఆ లయను తప్పిన యంత్రము గ్రిడ్డులో నిలువజాలదు.

ఈ లయను కాపాడుటకు ఏర్పడిన కట్టుబాటును పరిశీలించినచో, అది కాలప్రమాణములనుబట్టి అంతస్తులుగా నిర్మితమైనదని తెలియును. మొదటి అంతస్తు జడత్వము: పెద్ద జనరేటరు తిరుగుచున్నపుడు, తన పూర్తి సామర్థ్యమును కొద్ది సెకండ్లపాటు ఈయగలిగినంత చలనశక్తి దాని చక్రమున నిక్షిప్తమై యుండును, హఠాత్తుగా లోటు కలిగినపుడు ఎవరి యాజ్ఞయు లేకయే అది వెలికివచ్చును. రెండవ అంతస్తు గవర్నరు: వేగము తగ్గుట కనిపెట్టి ఆవిరి కవాటమునో, నీటి ద్వారమునో మరికొంత తెరచునట్టి పరికర మది, దాని పని సెకండ్లలో ఆరంభమై అర నిమిషములోపల ఫలించును. మూడవ అంతస్తున మానవుడు ప్రవేశించును. లోడ్ డిస్పాచ్ కేంద్రమున కూర్చున్న ఇంజనీరు, నిలువ యుంచిన సామర్థ్యమును పిలుచును. జలవిద్యుత్ కేంద్రము కొద్ది నిమిషములలో బదులు పలుకును, బొగ్గు కేంద్రము మెల్లగ కదలును. నాలుగవ అంతస్తు దినచర్య: దినమును పదునైదేసి నిమిషముల చొప్పున 96 ఖండములుగా విభజించి, ఏ ఖండమున ఏ కేంద్రము ఎంత ఉత్పత్తి చేయవలెనో, ఏ రాష్ట్రము ఎంత గ్రహింపవచ్చునో ముందటి దినముననే పట్టిక వ్రాయుదురు. అన్నింటికిని పైన ప్రణాళిక యున్నది. ఏ లైను ఎచట వేయవలెనను నిర్ణయము నేడు జరిగినచో దాని ఫలము కొన్ని సంవత్సరములకు గాని చేతికందదు.

ఈ యంతస్తులలో ఏ యొక్కటియు ఒంటరిగా సమస్యను తీర్చదు. జడత్వము గవర్నరునకు, గవర్నరు నిర్వాహకునకు, నిర్వాహకుడు ప్రణాళికాకర్తకు వ్యవధిని సంపాదించి యిచ్చుచున్నారు. హెర్బర్ట్ సైమన్ అను అమెరికను పండితుడు 1962లో సంకీర్ణ వ్యవస్థల కూర్పును గూర్చి ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసమున, చిరకాలము నిలుచు సంకీర్ణ వ్యవస్థలన్నియు అంతస్తులుగ ఏర్పడి యుండుననియు, ప్రతి భాగమునకును లోపలి బంధములు దృఢముగను, వెలుపలి బంధములు కొంత సడలుగను ఉండుననియు వివరించెను. ఆ సడలింపు దోషము గాక రక్షణయని గుర్తించుట నిర్మాణ శాస్త్రమున ఒక గొప్ప మెట్టు.

మన గ్రిడ్డు చరిత్ర ఈ బంధములను ఒక్కొక్కటిగా బిగించిన చరిత్రయే. హైదరాబాదునందు హుస్సేన్ సాగరు గట్టున 1920లో వెలసిన థర్మల్ కేంద్రము ఆ నగరమునకు మాత్రమే వెలుగు నిచ్చెను. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రములు రెండింటికిని ఉమ్మడి సొత్తుగ ఆరంభమగు నాటికి, విద్యుత్తు కొండలు దిగి దూరప్రాంతములకు ప్రయాణము చేయ నేర్చినది. అటుపిమ్మట రాష్ట్రముల గ్రిడ్లును, 1960వ దశకము నుండి ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ, ఈశాన్య ప్రాంతములను అయిదు కూటములును ఏర్పడినవి. ఒక్కొక్క కూటమికి తన లయ తనకుండెను. ఒకదాని ఫ్రీక్వెన్సీ 49 ఉన్న క్షణమున వేరొకదానిది 50 దాటి యుండవచ్చును. అట్టివానిని తీగతో నేరుగ కలుపుట సాధ్యము కాదు.

అందుచే ఇంజనీర్లు మొదట ఒక మధ్యే మార్గమును త్రొక్కిరి. విశాఖపట్టణము చెంత గాజువాకలో 1999లో ఆరంభమైన కేంద్రమును దీనికి చక్కని యుదాహరణముగ చెప్పవచ్చును. ఒరిస్సా జయపురము దిశనుండి వచ్చిన తూర్పు ప్రాంతపు ఏకాంతర విద్యుత్తును అచట మొదట ఏకముఖ విద్యుత్తుగ మార్చి, ఆ ఆవరణలోనే మరల దక్షిణ ప్రాంతపు లయకు తగిన ఏకాంతర విద్యుత్తుగ మార్చుదురు. ఎంత శక్తి దాటవలెనో యంతయే, మనుష్యుని యాజ్ఞ ప్రకారము, దాటును. అటువైపు లయభంగము ఇటువైపు సంక్రమింపదు. చంద్రపురము వద్దను, వింధ్యాచలము వద్దను ఇట్టి సంధులే ఏర్పడినవి. సైమన్ చెప్పిన సడలు బంధమునకు ఇంతకంటె స్పష్టమైన రూపము దొరకదు.

కాని నేరుగ కలియుటలో గల లాభములు చిన్నవి కావు. ఒక ప్రాంతమున వానలు కురిసి పంపుసెట్లు ఆగిన దినమున వేరొకచోట ఎండలు మండుచుండును. తూర్పున దీపములు వెలుగు వేళకు పడమట ఇంకను ప్రొద్దుండును. ఒకచోట విరిగిన యంత్రమునకు బదులు వేరొకచోటి యంత్రము అక్కరకు వచ్చును. అందరును కలిసినచో ప్రతివారును విడివిడిగ దాచుకొనవలసిన నిలువ తగ్గును. ఈ తలంపుతోనే 2003 మార్చిలో పశ్చిమ ప్రాంతమును, 2006 ఆగస్టులో ఉత్తర ప్రాంతమును తూర్పు, ఈశాన్య ప్రాంతములతో ఏకలయమున కలిపిరి. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపురముల నడుమ 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణ ప్రాంతమును వచ్చి చేరెను. ఆనాటినుండి యావద్భారతము ఒకే ఫ్రీక్వెన్సీతో తిరుగుచున్నది. అయితే ఆ కలయికకు పదునేడు మాసముల పూర్వము, కలిసి యుండుట యందలి అపాయమును దేశము కన్నులార చూచియుండెను.

2012 జులై మాసాంతము. ఉత్తరదేశమున వానలు ముఖము చాటువేయగా పంపుసెట్ల వాడుక హెచ్చెను. పశ్చిమ భారతమున వానలు పడి వాడుక తగ్గెను. సహజముగనే విద్యుత్తు పడమటినుండి ఉత్తరమునకు వెల్లువగ ప్రవహించుచుండెను. ఆ రెండు ప్రాంతములను కలుపు మార్గములలో ముఖ్యమైనది మధ్యప్రదేశమునందలి బీనా, గ్వాలియరుల నడుమనున్న 400 కిలోవోల్టుల లైను. దాని జంట లైనును 765 కిలోవోల్టులకు పెంచు పనికై అప్పటికే నిలిపివేసి యుండిరి. వేరు లైనులు కొన్నియు వివిధ కారణములచే పనిలో లేవు. ఏ యొక్క భాగము తొలగినను మిగిలినవి ఆ భారమును మోయగలుగవలెననునది గ్రిడ్డు రూపకల్పనకు మూలసూత్రము. ఆ సమయమున ఆ సూత్రము కాగితముమీద మాత్రమే మిగిలెను. ఉత్తరాది రాష్ట్రములు తమకు నిర్ణయించిన దానికంటె ఎక్కువ గ్రహించుచుండగా, తగ్గింపుడని ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రము కోరుచునే యుండెను. పడమట అధికోత్పత్తిని తగ్గింపుడనియు కోరెను. ఆ మాటలకు తగినంత ఫలము కలుగలేదు.

జులై 30వ తేది తెల్లవారుజామున 2 గంటల 33 నిమిషములకు బీనా లైను ట్రిప్పయ్యెను. ఆ లైనుపై చెట్టు పడలేదు, తీగ తెగలేదు, పిడుగు తాకలేదు. మరి ఏమి జరిగెను? దీనిని కొంచెము దగ్గరగ పరిశీలింపవలెను.

ప్రతి పెద్ద లైనునకును చివరలయందు డిస్టెన్స్ రిలే అను కావలి పరికరముండును. అది తన చోట వోల్టేజిని విద్యుత్ప్రవాహముచే భాగించుచు, ఆ లబ్ధమును నిరంతరము గమనించుచుండును. దూరమున ఎచటనో తీగ నేలను తాకినచో ప్రవాహము హెచ్చును, వోల్టేజి పడిపోవును, లబ్ధము తగ్గును. ఎంత తగ్గినదనుదానినిబట్టి దోషమెంత దూరమున నున్నదో రిలే గ్రహించును. దోషము తన లైనులోనే యున్నచో తత్‌క్షణమే బ్రేకరును తెరపించును. ఇది మొదటి మండలము. ఆవలి లైనులో నున్నచో, అచటి కావలిపరికరము తన పని తాను చేయునేమో యని కొంత ఆగి చూచును; ఇవి రెండవ, మూడవ మండలములు. మూడవ మండలము మిక్కిలి దూరము చూచును; ఇతరులు విఫలులైనపుడు ఆదుకొనుట కేర్పడిన తుది రక్షణ యది. కాని ఏ దోషమును లేకయే, కేవలము మితిమీరిన భారముచే ప్రవాహము హెచ్చి వోల్టేజి క్రుంగినచో, ఆ లబ్ధము తగ్గి తగ్గి మూడవ మండలపు సరిహద్దును దాటవచ్చును. రిలేకు భారమునకును దోషమునకును భేదము తెలియదు. ఆ రాత్రి అదియే జరిగెను. రిలే చెడిపోలేదు, తనకు నేర్పిన గణితమును తప్పక పాటించెను. అత్యవసరమైన లైనును అత్యవసరమైన వేళ తెంపివేసెను.

అటుపిమ్మటి కథ క్షణములలో ముగిసెను. పడమటినుండి ఉత్తరమునకు పోవలసిన ప్రవాహము దారి మార్చి తూర్పు ప్రాంతము మీదుగ సుదీర్ఘముగ చుట్టి రాసాగెను. అంత దూరపు బంధము ఆ బరువును మోయలేక యంత్రముల నడుమ డోలనములు చెలరేగెను. ఆ డోలనములను చూచి తూర్పు, ఉత్తరముల నడుమనున్న లైనులును ట్రిప్పయ్యెను. ఉత్తర ప్రాంతము ఒంటరియై, ఉత్పత్తి చాలక, ఫ్రీక్వెన్సీ కూలెను. ఫ్రీక్వెన్సీ మిక్కిలి తగ్గినచో ఆవిరి టర్బైనుల తుది పంక్తి రెక్కలు కంపించి విరుగు ప్రమాదముండుటచే, 47.5 హెర్ట్జుల ప్రాంతమున యంత్రములు తమ్ము తాము రక్షించుకొనుటకై తొలగిపోవును. ఒకటి తొలగగా మిగిలినవాని భారము హెచ్చును, అవియు తొలగును. ఈ విధముగ దాదాపు 36,000 మెగావాట్ల వాడుక చీకటిలో మునిగెను. సాయంకాలము నాలుగు గంటలకు గాని పూర్తి పునరుద్ధరణము జరుగలేదు.

ముప్పదినాలుగు గంటలు గడచి గడవకమునుపే, 31వ తేది మధ్యాహ్నము ఒంటిగంట వేళ, అదే లైను, అదే రీతిని మరల ట్రిప్పయ్యెను. ఈసారి ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతములు మూడును కూలినవి. సుమారు 48,000 మెగావాట్ల వాడుక ఆగిపోయినది. అరువది కోట్లకు మించిన జనులు నివసించు భూభాగము విద్యుత్తును కోల్పోయెను. వందలాది రైళ్లు పట్టాలమీద నిలిచెను. ఢిల్లీలో మెట్రో ఆగెను. తూర్పున గనులలోని కార్మికులు భూగర్భమున చిక్కుకొని, పిదప క్షేమముగ వెలికి వచ్చిరి. దక్షిణ ప్రాంతమునకు మాత్రము ఏ హానియు కలుగలేదు. అది యప్పటికి గాజువాక వంటి ఏకముఖ విద్యుత్ సంధుల ద్వారా మాత్రమే తక్కిన దేశముతో కలిసియుండెను.

ఈ మహావిపత్తునకు దోషి యెవరు? విచారణ సంఘము ఒక్కరిని గాక నాలుగు కారణములను చూపెను: అంతర్ ప్రాంతీయ మార్గములు బలహీనపడుట, ఒక మార్గముపై భారము పేరుకొనుట, తగ్గింపుడన్న ఆదేశములకు స్పందన చాలకుండుట, మూడవ మండలపు రిలే అనవసరముగ పనిచేయుట. వీనిలో ఒక్కటి లేకున్నను ఆ విపత్తు తప్పియుండెడిదేమో. ఇందు గమనింపదగిన విశేష మేమనగా, ప్రతి భాగమును తన వరకు తాను హేతుబద్ధముగనే ప్రవర్తించెను. రిలే లైనును రక్షించెను. టర్బైను తన రెక్కలను రక్షించుకొనెను. రాష్ట్ర నిర్వాహకుడు తన రైతునకును తన నగరమునకును విద్యుత్తు నిలుపుకొనజూచెను. అందరును ఎవరి ధర్మము వారు నిర్వర్తించుచుండగా సమష్టి నశించెను. చార్లెస్ పెరో అను సామాజిక శాస్త్రజ్ఞుడు 1984లో ప్రకటించిన గ్రంథమున, భాగములు మిక్కిలి బిగువుగ ముడివడి, వాని పరస్పర ప్రభావములు ఊహకందనంత జటిలములైన వ్యవస్థలలో ఇట్టి ప్రమాదములు స్వాభావికములని వాదించెను. స్వాభావికమనగా అనివార్యమని చేతులు ముడుచుకొనుట కాదు. తప్పు చేసినవానిని వెదకి దండించినంత మాత్రమున సరిపోదనియు, ముడుల రీతినే మార్చవలెననియు దాని తాత్పర్యమని నేను గ్రహించితిని.

ఇందుకు దృష్టాంతముగ మరియొక దేశపు అనుభవము కలదు. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాలలో దాదాపు అయిదు కోట్లమందికి విద్యుత్తు పోయినపుడు, ఒహాయో రాష్ట్రమున చెట్లకు తగిలి కొన్ని లైనులు ట్రిప్పయిన పిమ్మట, శామిస్, స్టార్ అను రెండు కేంద్రముల నడుమనున్న లైను ఏ దోషమును లేకయే మూడవ మండలపు రిలే మూలముననే ట్రిప్పయి, ఆపరాని పతనమునకు ద్వారము తెరచెను. నియంత్రణ కేంద్రమున హెచ్చరిక మ్రోగవలసిన కంప్యూటరు ప్రోగ్రాము అంతకుముందే స్తంభించి యుండుటచే, నిర్వాహకులు తమ వ్యవస్థ ఏ స్థితిలో నున్నదో యెరుగరు. తొమ్మిదేండ్ల యెడముతో, రెండు ఖండములలో, అదే కావలి పరికరము అదే విధముగ భ్రమపడుట యాదృచ్ఛికము కాదు. ఒక్కొక్క లైనుకు మాత్రమే చెల్లు లెక్కతో నిర్ణయించిన రిలే సెట్టింగును సమష్టి పరిస్థితి మారినపుడెల్ల తిరిగి పరిశీలింపకుండుటయే దానికి మూలము.

మన గ్రిడ్డు విషయమున వేరొక సూక్ష్మమును చెప్పవలసి యున్నది. 2002, 2003 సంవత్సరములలో దేశమందు ప్రవేశపెట్టిన ధరల విధానమున, నిర్ణయించిన పట్టికకు మించి గ్రహించిన విద్యుత్తునకు ధర ఆ సమయపు ఫ్రీక్వెన్సీనిబట్టి మారుచుండెడిది. ఫ్రీక్వెన్సీ తగ్గినకొలది ధర హెచ్చును. అంతకుముందు దక్షిణ ప్రాంతమున ఫ్రీక్వెన్సీ తరచు అపాయకరముగ క్రుంగుచుండగా, ఈ విధానము వచ్చిన పిమ్మట రాష్ట్రములు తమంతట తామే క్రమశిక్షణకు లోబడెను. ఎవరి యాజ్ఞయు లేకుండ, ఒక్క సంఖ్యనుబట్టి, వందలాదిమంది నిర్ణయములను సమన్వయించిన ఆ యుపాయము నిర్వహణ శాస్త్రమున మెచ్చదగినది. కాని ఫ్రీక్వెన్సీ సమష్టి లెక్కను మాత్రమే చెప్పును. భారము ఏ దారిని పేరుకొన్నదో చెప్పదు. 2012 జులై 30న పతనమునకు ముందు ఫ్రీక్వెన్సీ 49.68, మరునాడు 49.84, ఆ సంఖ్యలను మాత్రమే చూచినవారికి ప్రమాదము తోపదు. దేశమంతటను లెక్క దాదాపు సరిపోయియే యున్నది. ఒక్క లైనుమీద మాత్రము ప్రాణాంతకమైన భారమున్నది. ఏ వ్యవస్థనైనను ఒక్క కొలతతో పాలింపబూనినచో, ఆ కొలతకు కనబడని చోటనే అపాయము పెరుగును.

పడిపోయిన గ్రిడ్డును లేపుట మరియొక విద్య. బొగ్గు కేంద్రము పని చేయవలెనన్నచో నీటిపంపులును, బొగ్గు పొడిచేయు మిల్లులును, గాలి ఊదు ఫ్యానులును మొదట తిరుగవలెను. అనగా విద్యుత్తు పుట్టించుటకు విద్యుత్తు కావలెను. చిన్న డీజిలు యంత్రముతో కవాటములు తెరచుకొనగలుగు జలవిద్యుత్ కేంద్రములు ఆ సమయమున ప్రథమాధారములు. వానినుండి ఒక లైనుకు ప్రాణము పోసి, దాని చివర కొంత వాడుకను చేర్చి, ఒక థర్మల్ కేంద్రమును మేల్కొలిపి, ఈ విధముగ చిన్న చిన్న ద్వీపములను పెంచి, ఒక ద్వీపపు లయ మరియొకదాని లయతో సరిగ కూడిన క్షణమును కనిపెట్టి వానిని కలుపుదురు. తొందరపడి ఒక పెద్ద నగరమును ఒకేమారు చేర్చినచో పెంచిన ద్వీపమంతయు మరల మునుగును. జులై 31 రాత్రి తొమ్మిదిన్నర గంటలకు వాడుక పూర్తిగ పునరుద్ధరింపబడుట ఆ ఇంజనీర్ల ఓర్పునకు సాక్ష్యము.

ఆ యనుభవము వ్యర్థము కాలేదు. రక్షణ వ్యవస్థల తనిఖీలు జరిగినవి. అనుమతింపదగిన ఫ్రీక్వెన్సీ హద్దులను క్రమముగ బిగించి 49.90 నుండి 50.05 వరకు తెచ్చిరి. ఉపగ్రహ గడియారములతో కాలము సరిచూచుకొని, దూరదూరములనున్న సబ్‌స్టేషనుల విద్యుత్ తరంగములను సెకండునకు 25 మారులు పోల్చిచూపు కొలత పరికరములను విస్తరింపజేసిరి. ఎచట బంధము బిగువెక్కుచున్నదో ఇప్పుడు ముందుగనే కనబడును.

ఈ శిక్షణకు పరీక్ష 2020 ఏప్రిల్ 5న జరిగెను. ఆ రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషములపాటు ఇండ్లలోని దీపములు ఆర్పవలెనని 3వ తేదిన ప్రధానమంత్రి కోరగా, సిద్ధపడుటకు నిర్వాహకులకు మూడు దినములైనను నిండుగ లేవు. వాడుక 12,000 నుండి 14,000 మెగావాట్ల వరకు తగ్గునని వారు అంచనా వేసిరి. తీరా తగ్గినది 31,000 మెగావాట్లకు పైమాట. అంచనా సగమునకు మించి తప్పినను గ్రిడ్డు చలింపలేదు. ఏలయన వారు తమ అంచనానే నమ్ముకొని కూర్చుండలేదు. సాయంకాలము నుండి థర్మల్ కేంద్రములను తగ్గించి జలవిద్యుత్ కేంద్రములను పెంచి యుంచుకొనిరి. వాడుక కూలగానే జలవిద్యుత్తును 25,500 మెగావాట్ల నుండి 8,000 మెగావాట్ల వరకు దించి, దీపములు తిరిగి వెలుగగా మరల పెంచిరి. ఫ్రీక్వెన్సీ 49.70, 50.26 హద్దుల లోపలనే నిలిచెను. 2012లో భారము క్రమక్రమముగ పెరిగినను అడ్డుకొనలేకపోయిన గ్రిడ్డు, 2020లో అంతకంటె వేగవంతమైన మార్పును సహించుటకు కారణము క్రొత్త యంత్రము ఏదియో కాదు. కేంద్రము, ప్రాంతము, రాష్ట్రము, విద్యుత్ కేంద్రము ఒకే ప్రణాళికను ముందుగ చదువుకొని, ఎవరెప్పుడు ఏమి చేయవలెనో స్పష్టముగ పంచుకొనియుండుటయే.

రానున్న కాలమున ఈ విద్యకు మరింత పరీక్ష కలదు. 2024 మే 30న దేశపు గరిష్ఠ వాడుక 2,50,000 మెగావాట్లకు చేరెను. మరియొకవైపు సూర్యరశ్మి నుండి వచ్చు విద్యుత్తు దినదినము హెచ్చుచున్నది. సోలారు ఫలకమున తిరుగు చక్రము లేదు గావున దానికి సహజమైన జడత్వమును లేదు, సంధ్యవేళ అది యంతయు నొక్కుమ్మడిగ నిష్క్రమించును. శ్రీశైలము ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రములు ఆరు, రాత్రివేళ మిగులు విద్యుత్తుతో నీటిని ఎగువకు తోడి, వాడుక హెచ్చినపుడు మరల దించి విద్యుత్తును ఇయ్యగలుగునట్లు చిరకాలము క్రిందటనే అమర్చబడినవి. అట్టి కేంద్రముల విలువ ఇప్పుడు ఎన్నో రెట్లు పెరిగెను. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశములు మధ్యాహ్నవేళ చీకటి పాలైనపుడు, అధిక భారముచే గాక వోల్టేజి మితిమీరి పెరుగుటచే యంత్రములు వరుసగ తొలగినవని పరిశోధకులు తేల్చిరి. నిన్నటి విపత్తునకు కట్టిన గోడ రేపటి విపత్తును ఆపదని దీని అర్థము.

మన ఇంజనీరింగు విద్యయందు యంత్రములను, ట్రాన్స్‌ఫార్మర్లను, లైనులను వేరువేరు పాఠములుగ చక్కగ బోధింతుము, అది అవసరము. కాని రెండు భాగములు కలియుచోట ఎవరి బాధ్యత ఎంతవరకు, ఒకరి రక్షణ మరియొకరికి అపాయముగ ఎప్పుడు మారును, ఏ కొలత దేనిని చూపదు అను ప్రశ్నలను విద్యార్థి ముందుంచుట అరుదు. కాలువల నీటి వంతుల పద్ధతియైన వారాబందీకిని, రైల్వేల కాలపట్టికకును, ఆసుపత్రుల ఏర్పాటునకును ఈ ప్రశ్నలే వర్తించును. మహావ్యవస్థను నిర్మించువాడు మొదట రచింపవలసినది భాగముల నడుమ ఒడంబడిక. నిర్వహించువాడు ప్రతిదినము పరిశీలింపవలసినది ఆ ఒడంబడిక ఇంకను చెల్లుచున్నదా యనునది. ఒక రిలే సెట్టింగును సంవత్సరమున కొకమారు ఓపికతో తిరిగి లెక్కించు ఇంజనీరు పేరు ఏ శిలాఫలకము మీదను చెక్కబడదు. అయినను, క్రొత్త కేంద్రమును కట్టినవానికి మనము చేయు సన్మానమునకు అతడును సమముగ అర్హుడని గుర్తించి, ఆ పనికి కావలసిన మనుష్యులను, ధనమును, అధికారమును సమకూర్చిన దేశమునందే మహాయంత్రములు చిరకాలము క్షేమముగ నడచును.